ఇనుప వంతెనల ఛందస్సు

సంస్కృతంలో వారిధి అంటే సముద్రం. వారి అనగా నీరు. నీటికి నిలయమైనది వారిధి. తెలుగులో మాత్రం వారధి అన్న రూపానికి వంతెన అనే అర్థం స్థిరపడింది. రామకథలో వారిధికి కట్టిన కట్టను తరతరాలుగా తలచుకోగా తలచుకోగా, చివరకు కట్టినదానికే ఆ పేరు అంటుకున్నదని పెద్దల ఊహ. సేతువు, వంతెన, వారధి అంటూ దాటించే కట్టడానికి మనకు పేర్ల కొదవ లేదు. కాని ఇనుప కడ్డీలతో అల్లిన వంతెన దగ్గరకు వచ్చేసరికి మన నిఘంటువు మూగబోతుంది. పల్లెవాసులు దాన్ని ఐరన్ బ్రిడ్జి అంటారు. రైలు పనివారు గర్డరు అంటారు. ఆ అల్లికలో ఎన్ని జాతులున్నాయో, ఏ జాతి ఏ అవసరానికి పుట్టిందో చెప్పే తెలుగు మాట ఒక్కటీ వినబడదు.

ఇంజనీర్లు ఈ అల్లికను ట్రస్ అంటారు. మన రైల్వే కాగితాల్లో ఓపెన్ వెబ్ గర్డర్ అని ఉంటుంది. ఈ వ్యాసం మేరకు నేను 'అల్లిక దూలం' అని వ్యవహరిస్తాను. ఇంతకన్న మంచి మాట తోచిన మిత్రులు సెలవిస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

నెల్లూరు ప్రాంతం వాడినై ఉండి ఈ విషయం ఎత్తుకోవడానికి ఒక కారణం ఉంది. 1905లో అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల చెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లా శాసనాలను సేకరించి మూడు సంపుటాలుగా మద్రాసులో అచ్చువేయించారు. రాతి శాసనాలూ రాగిరేకులూ అందులో చేరాయి. ఆ పుస్తకమే లేకపోతే ఎన్ని దానాలు, ఎందరి పేర్లు మనకు తెలియకుండా పోయేవో ఊహించుకోవచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన జిల్లాలో మరొక రకం శాసనాలు వెలుస్తున్నాయి. బాస్వెల్ దొర 1873లో జిల్లా మాన్యువల్ ప్రకటించేనాటికి నెల్లూరుకు రైలు లేదు. 1899లో బెజవాడ నుండి గూడూరు దాకా మార్గం పూర్తయి, ఆంధ్ర తీరం మద్రాసుతో ముడిపడింది. ఆ దారిలో గుండ్లకమ్మ, ముసి, పాలేరు, మన్నేరు, పెన్న వరుసగా అడ్డువస్తాయి. గూడూరు దాటి మద్రాసు వైపు పోతే స్వర్ణముఖి, కాళంగి. ప్రతి నదినీ, ప్రతి వాగునూ ఇనుముతో దాటవలసి వచ్చింది. ఆ ఇనుములోనూ కాలం, దేశం, ద్రవ్యం, కట్టినవారి భయం, నది స్వభావం అన్నీ లిఖితమై ఉంటాయి. రాతి శాసనాలకు మూడు సంపుటాలున్నాయి. ఇనుప శాసనాలకు అటువంటి సంపుటం నా బీరువాలో ఒక్కటీ లేదు.

శాసనం చదవాలంటే ముందు లిపి తెలియాలి. ఈ లిపికి ఓనమాలు త్రిభుజంతో మొదలవుతాయి.

నాలుగు పుల్లలను నాలుగు మూలలా మేకులతో బిగించి, ఒక మూల నొక్కి చూడండి. చతురస్రం ఒరిగిపోతుంది. మూడు పుల్లలతో అదే పని చేయండి. ఎంత నొక్కినా త్రిభుజం ఆకారం మారదు. మారాలంటే పుల్ల విరగాలి, లేదా మేకు ఊడాలి. అల్లిక దూలం రహస్యమంతా ఇదే. పైన ఒక పొడవాటి దూలం, కింద ఒక పొడవాటి దూలం, ఈ రెంటి నడుమ నిలువు కడ్డీలు, ఏటవాలు కడ్డీలు. ఇవి కలిసి త్రిభుజాల వరుసగా ఏర్పడతాయి. రెండు కొసలా స్తంభాల మీద ఆనుకున్న అల్లికపై బరువు పడినప్పుడు పైదూలం నొక్కుకుంటుంది, కిందిదూలం సాగుతుంది. పాఠ్యపుస్తకాల భాషలో మొదటిది సంపీడనం, రెండవది తన్యత. నడుమనున్న ప్రతి కడ్డీ కూడా ఈ రెంటిలో ఏదో ఒకదానికి లోబడి ఉంటుంది.

బడిలో పద్యపాదాన్ని నల్లబల్ల మీద రాసి గురులఘువులు గుర్తించడం మనకందరికీ అలవాటే. అక్షరం గురువో లఘువో తేలితే గణం తేలుతుంది, గణం తేలితే వృత్తం పేరు తేలుతుంది. ఇక్కడా అంతే. కడ్డీ సంపీడనంలో ఉందా, తన్యతలో ఉందా అన్నది తేలితే అల్లిక జాతి తేలుతుంది. ఉత్పలమాల పాదంలో మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే అది చంపకమాల అవుతుంది కదా. అటువంటి చిన్న మార్పులే ఇనుప వంతెనలోనూ జాతిని మార్చివేస్తాయి.

ముఖ్యమైన జాతులు ఇవి.

అమెరికాలో ఇథియల్ టౌన్ 1820లో పేటెంటు పొందిన అల్లికను జాలి అల్లిక అనవచ్చు. కడ్డీలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ, ఆరబెట్టిన వలలాగా నిండా వజ్రాకారపు గళ్ళు కనిపిస్తాయి. మొదట చెక్క పలకలతో కట్టారు; తరువాత ఇనుముకు మళ్ళింది. బరువు ఏ కడ్డీకి ఎంత అని లెక్క తేల్చడం కష్టం గనుక, ఎక్కువ కడ్డీలు వేసి నిశ్చింతగా ఉండడం దీని తత్త్వం.

1840లో విలియం హౌ పేటెంటు పొందిన అల్లికలో ఏటవాలు కడ్డీలు రెండు కొసల నుండి మధ్యకు పోతూ పైకి లేస్తాయి. దూరం నుండి చూస్తే రెండు సగాలూ కలిసి ఇంటికప్పు వాలులా ఉంటాయి. ఇందులో ఏటవాలు కడ్డీలు నొక్కుడును భరిస్తాయి, నిలువు కడ్డీలు లాగుడును భరిస్తాయి. ఎందుకలా? ఏటవాలువి చెక్కవి, నిలువువి ఇనుపవి. చెక్కను నొక్కితే ఓర్చుకుంటుంది. లాగితే అతుకు దగ్గర ఊడివస్తుంది. కాబట్టి లాగుడు పనిని ఇనుముకు అప్పగించారు.

నాలుగేళ్ళకు, 1844లో, థామస్ ప్రాట్, కేలెబ్ ప్రాట్ అనే తండ్రీకొడుకులు ఆ వాలును తిరగేశారు. వారి అల్లికలో ఏటవాలు కడ్డీలు కొసల నుండి మధ్యకు పోతూ కిందికి దిగుతాయి. రెండు సగాలూ కలిసి గరాటు ఆకారంగా కనిపిస్తాయి. ఇప్పుడు నొక్కుడు నిలువు కడ్డీలకు, లాగుడు ఏటవాలు కడ్డీలకు వచ్చింది. ఇందులో గొప్ప పొదుపు ఉంది. పొడవాటి సన్నని చేతికర్రను నేలకానించి గట్టిగా నొక్కితే వంగిపోతుంది. పొట్టికర్ర వంగదు. లాగేటప్పుడు మాత్రం పొడవైనా పొట్టిదైనా భేదం లేదు; తాడుతో బావిలో నుంచి ఎంత లోతు బిందెనైనా లాగవచ్చు. పొట్టివైన నిలువు కడ్డీలకు నొక్కుడు పని ఇచ్చి, పొడవైన ఏటవాలు కడ్డీలకు లాగుడు పని ఇస్తే ఇనుము ఆదా అవుతుంది. వంతెన మొత్తం ఇనుముతోనే కట్టే రోజులు వచ్చేసరికి ప్రాట్ పద్ధతి నిలదొక్కుకుంది. కడ్డీ వాలిన దిక్కును బట్టి ఆ పద్ధతి ఏ ద్రవ్యం కోసం పుట్టిందో చెప్పవచ్చునంటే ఆశ్చర్యం కదా!

ఇక్కడ ఒక జాగ్రత్త. ప్రాట్ అల్లికకు రెండు కొసలా ఉండే వాలు స్తంభాలు మధ్యకు పోతూ పైకే లేస్తాయి. వాటిని చూసి హౌ అనుకోరాదు. కొస గడులు వదిలి లోపలి గడులను చూడాలి. మరొక గుర్తు: మధ్య గడుల్లో అప్పుడప్పుడు గుణకారపు గుర్తులా రెండు ఏటవాలు కడ్డీలు కనిపిస్తాయి. రైలు వంతెన మీద కదిలేకొద్దీ నడిమి గడుల్లో నొక్కుడు, లాగుడు తారుమారవుతాయి. అందుకు సిద్ధంగా అక్కడ ఎదురు కడ్డీ వేస్తారు.

ఇక 1848. ఇంగ్లండులో జేమ్స్ వారెన్, విలోబీ మోన్జాని కలిసి పొందిన పేటెంటు వారెన్ అల్లికగా ప్రసిద్ధి పొందింది. నిలువు కడ్డీలు లేవు. రంపపు పళ్ళలాగా సమబాహు త్రిభుజాలు వరుసగా ఉంటాయి. ఒక ఏటవాలు కడ్డీ నొక్కుడుకు, తరువాతిది లాగుడుకు, ఇలా మారిమారి వస్తాయి; గురువు, లఘువు, గురువు, లఘువు అన్నట్లు. మన దేశానికి ఇది త్వరగానే వచ్చింది. బొంబాయి, బరోడా రైలుమార్గానికి కర్నల్ కెనడీ ఒకే కొలతగల వారెన్ దూలాలను వరుసగా వాడాడు. ముక్కలన్నీ ఒకే అచ్చులోవైతే ఓడలో తెచ్చుకోవడం, కూర్చడం, విరిగినదాన్ని మార్చడం అన్నీ సులభం. తరువాతి కాలంలో ఈ త్రిభుజాల నడుమ నిలువు కడ్డీలు చేర్చిన రకం వ్యాపించింది. దాన్ని ప్రాట్ అని పొరబడేవారు కద్దు. నిలువు కడ్డీలను మనసులో చెరిపివేసి చూడండి. రంపపు పళ్ళు మిగిలితే అది వారెన్.

పైదూలం తిన్నగా లేక మధ్యలో ఉబ్బి ఉంటే అది మరొక శాఖ. వంగుడు బలం మధ్యలోనే అధికం గనుక అక్కడ అల్లిక లోతు పెంచి, కొసల్లో తగ్గించారు. ప్రాట్ అల్లికకే ఇలాంటి వీపు పెడితే పార్కర్ అంటారు. పైదూలంలో సరిగ్గా అయిదు ముక్కల వంపు ఉంటే ఒంటెవీపు అని అమెరికా వారి ముద్దుపేరు. నిలువు కడ్డీ నడిమి నుండి రెండు కడ్డీలు చీలి ఇంగ్లీషు 'కె' అక్షరంలా ఉంటే అది ఇరవయ్యో శతాబ్దపు కె అల్లిక. ఘాట్ రోడ్ల మీద, వరదకు కొట్టుకుపోయిన కల్వర్టుల చోట హఠాత్తుగా వెలిసే తాత్కాలిక వంతెనను చూసే ఉంటారు. పది అడుగుల పొడవుగల చట్రాలు, ఒక్కొక్కదానిలో వజ్రాకారపు గళ్ళు. అది రెండవ ప్రపంచయుద్ధ కాలంలో డొనాల్డ్ బెయిలీ రూపొందించిన బెయిలీ వంతెన. ఆరుగురు మనుషులు ఒక చట్రాన్ని మోయగలగాలన్నది దాని లెక్క.

అల్లికలా కనిపించి అల్లిక కానివీ ఉన్నాయి. చిన్న వాగుల మీద గోడలాగా మూసుకుపోయిన రేకు దూలాలుంటాయి. వాటిలో త్రిభుజం లేదు. అలాగే రాజమండ్రిలో 1997లో రైళ్ళు నడిచిన కొత్త వంతెన. ఒక్కొక్కటి సుమారు 97.5 మీటర్ల వెడల్పుగల 28 కాంక్రీటు విల్లులు వరుసగా ఉంటాయి. విల్లు బయటికి తన్నుకోబోతే, దారి పరచిన అడుగుభాగం అల్లెత్రాడులా లాగి పట్టుకుంటుంది. విల్లు నుండి కిందికి నిలువు ఊచలు తప్ప త్రిభుజాలు లేవు. దీన్ని కోదండ వంతెన అంటే సరిపోతుందని నాకనిపిస్తుంది.

ఆ రాజమండ్రిలోనే అంకెలతో కాలాన్ని చదివే విద్య నేర్చుకోవచ్చు. 1897లో మొదలై 1900లో రైళ్ళకు తెరచిన హేవ్‌లాక్ వంతెనకు 56 కానాలు. రెండు స్తంభాల నడుమ ఎడాన్ని మన పల్లెల్లో కానా అంటాం కదా. ఒక్కొక్క కానా 45.72 మీటర్లు. ఈ వింత దశాంశం ఎక్కడిది? 150 అడుగులను మీటర్లలోకి మార్చండి, సరిగ్గా 45.72 వస్తుంది. 1974లో వచ్చిన రెండవ వంతెన అల్లిక దూలాల వంతెన. లోపల రైలు, నెత్తిన రోడ్డు. దాని పెద్ద కానాలు 27, ఒక్కొక్కటి 91.5 మీటర్లు. అంటే 300 అడుగులు. దేశం మీటర్లకు మారినా ఇనుము అడుగుల్లోనే ఆలోచిస్తున్నదన్నమాట. రైల్వేవారి ప్రామాణిక అల్లిక దూలాల కొలతలు 30.5, 45.7, 61, 76.2 మీటర్లు. ఇవి 100, 150, 200, 250 అడుగులకు మారువేషాలు.

మళ్ళీ మన తీరానికి వద్దాం. పెన్నకు పొడవాటి కానాల బారు ఎందుకు, ఒకే దుముకులో దాటవచ్చు కదా అని అడగవచ్చు. మన నదులు వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. ఏడాదిలో అధికభాగం ఇసుక. ఈశాన్య రుతుపవనం వచ్చిన కార్తీక మార్గశిరాల్లో మాత్రం రెండు గట్లూ తామే అన్నట్లు పారతాయి. ఎండిన ఇసుకలో నిలబడి స్తంభం కట్టుకునే వీలున్నప్పుడు మహాదూలాల అవసరం లేదు. మధ్యరకం కానాలు అనేకం చాలు. స్తంభాలకు పునాదిగా బావులు దించారు. ఇటుకతోనో రాతితోనో వలయం కట్టి, లోపలి ఇసుక తోడుతూ పోతే, దాని బరువుకు అదే కిందికి దిగుతుంది. ఊళ్ళో మంచినీటి బావికి ఒరలు దించే పద్ధతినే పెద్దది చేస్తే నదీస్తంభానికి పునాది అయింది. విలాయతు లెక్క పైన, దేశవాళీ బావి కింద. రెండూ కలిస్తేనే వంతెన.

దారి ఎక్కడ పరచారన్నది కూడా ముఖ్యమైన గుర్తే. అల్లిక దారికి కింద వేలాడుతుంటే అది పైదారి వంతెన. అల్లిక రెండు పక్కలా లేచి, నెత్తిన కూడా కడ్డీలతో కలిసి ఉంటే లోదారి వంతెన. పక్కల మాత్రమే ఉండి, నెత్తిన ఆకాశం కనిపిస్తే దాన్ని ఇంగ్లీషులో పోనీ అంటారు. పొట్టిగుర్రం అని అర్థం. లోయలో పైదారి ఇబ్బంది లేదు, కింద ఎంతైనా చోటుంటుంది. నెల్లూరు తీరం పళ్ళెంలా చదునైన నేల. అక్కడ అల్లికను కిందికి వేలాడదీస్తే వరదకు తగులుతుంది, పడవకు తగులుతుంది. ధాత కరువు రోజుల్లో కూలిపనిగా తవ్వించి కలిపిన బకింగ్‌హామ్ కాలువలో ఉప్పు, కట్టెలు వేసుకున్న పడవలు మద్రాసు దాకా సాగేవి. అటువంటి కాలువ మీద వంతెన కట్టేవాడు ఇనుమంతా దారికి పైనే ఉంచాలని కోరుకోవడం సహజం. నేల తీరును బట్టి వృత్తం ఎంచుకోవడమంటే ఇదే.

ఇక అచ్చమైన అక్షరాలు. పాత దూలాల ఒంటిమీద ఉక్కు పోతపోసిన కార్ఖానా పేరు ఉబ్బెత్తుగా ఉంటుంది. డార్మన్ లాంగ్ అని కనిపిస్తే ఇంగ్లండులోని మిడిల్స్‌బరో నుండి ఓడలో వచ్చిన ఉక్కు. టాటా అని ఉంటే 1912కు తరువాతిదే, ఎందుకంటే సాక్చిలో టాటా ఉక్కు తొలిసారి పోతపడింది ఆ ఏడాదే. బర్న్, జెస్సప్ పేర్లుంటే కలకత్తా కార్ఖానాల కూర్పు. అతుకుల దగ్గర గుండ్రటి బుడిపెల వరుస రివెట్లు. షట్కోణపు తలలు బోల్టులు. ఎర్రగా కాల్చిన రివెట్టును పట్టకారుతో అందుకొని, చల్లారేలోగా సుత్తితో తల చదును చేసిన కళాసీల పేర్లు ఏ ఫలకం మీదా ఉండవు. ఒక్కొక్క బుడిపె ఒక్కొక్క అజ్ఞాత సంతకం అనుకోవాలి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. స్తంభం వయస్సు, దూలం వయస్సు ఒకటే కానక్కరలేదు. రైలింజన్లు బరువెక్కేకొద్దీ పాత స్తంభాల మీద కొత్త దూలాలు పెట్టడం సర్వసాధారణం. రాతిని చూసి ఇనుముకు, ఇనుమును చూసి రాతికి తేదీ కట్టరాదు.

అల్లిక గురించి ఇంత చెప్పాను గాని, మన వైపు నదులు ముందుగా పట్టేది అల్లికను కాదు. దాని కాళ్ళను, దాని దారిని. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు నెల్లూరు సమీపాన పడుగుపాడు దగ్గర రైలుకట్ట కోతపడి, విజయవాడ గూడూరు మార్గంలో రైళ్ళు నిలిచిపోయాయి. ఇనుము కోసం లెక్కలు వేసినంత శ్రద్ధ నీటి కోసమూ వేయాలని నది అప్పుడప్పుడు గుర్తుచేస్తుంది. వరదకన్న నిదానమైన శత్రువు ఉప్పుగాలి. సముద్రానికి దగ్గరైన ఇనుముకు రంగు పూయడం ఒక్క ఏడు మరచినా, నీరు నిలిచే అతుకుల సందుల్లో తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. పాత అల్లికను చూసినప్పుడు ముందు అతుకులను చూడాలన్నది అందుకే.

వాడుక తీరిన ఇనుప వంతెనకు రెండే దారులు. ఒకటి హేవ్‌లాక్ వంతెనకు దొరికింది. 1997లో రైళ్ళు ఆగిపోయినా అది గోదావరిపై నిలిచే ఉంది. దాన్ని సందర్శకులకు అనువుగా మార్చే పథకానికి 2025లో శంకుస్థాపన జరిగింది. పెద్ద నది, పెద్ద పేరు, గవర్నరు పేరు. రెండవ దారి తూకం. పల్లె వాగు మీది పేరులేని వంతెన పక్కన కాంక్రీటు వంతెన లేస్తుంది. పాతదాన్ని గ్యాసుతో కోసి టన్నుల లెక్కన అమ్ముతారు. కోయవద్దని నేను అనను. ఊరికి బలమైన దారి కావాలి, బస్సు రావాలి, అంబులెన్సు రావాలి. కాని కోసేముందు అది ఏ జాతిదో, ఎన్ని గడులో, ఎవరి ఉక్కో ఒక్క పుట రాసి పెట్టడానికి ఖర్చేమీ లేదు. తూకం చీటీలో బరువు ఒక్కటే ఉంటుంది. పద్యాన్ని అక్షరాల సంఖ్యతో అమ్మినట్లుంటుంది ఆ చీటీ.

అందుచేత మిత్రులకు ఒక విన్నపం. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు పాత ఇనుప వంతెన కనిపిస్తే కాసేపు ఆగండి. రైలు వంతెన అయితే పైకి ఎక్కవద్దు, అది నేరమూ ప్రమాదమూ కూడా; దూరంగా ఇసుకలోనో గట్టుమీదో నిలబడి పక్కనుండి చూడండి. అల్లిక చదవడానికి పక్కచూపే సరైనది. దారి పైనా లోపలా? గడులెన్ని? ఏటవాలు కడ్డీలు గరాటా, ఇంటికప్పా, రంపపు పళ్ళా? పైదూలం తిన్ననా, ఉబ్బా? అతుకులు రివెట్లా, బోల్టులా? ఒంటిమీద అక్షరాలేమైనా ఉన్నాయా? ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు, ఊరి పేరు, వాగు పేరు, చూసిన తేదీ, ఒక ఫోటో. ఇంతే చాలు.

నెల్లూరు శాసనాల సంపుటాలు కూడా అలాగే, ఒక్కొక్క రాయిగా పోగయ్యాయి.